సోమవారం రాత్రి ఎడమ తలుపు

నవాగామ్‌లో బట్ట నేసే సాంచాల షెడ్డును ఆనుకుని రెండంతస్తుల బిల్డింగ్ ఒకటుంది. దాని మెట్ల కింద ఒక చిన్న గది. ఆ గదికి చెడ్డపేరు. మామూలు రోజుల్లో అందరూ పోతారు. సోమవారం చీకటిపడ్డాక ఎవరూ పోరు.

అక్కడివాళ్లు చెప్పింది ఇది.

గదిలో ఉన్నది ఒకటే వస్తువు — ఐదువందల ఎనభై లీటర్ల ఫ్రిజ్. హజీరా ఫ్యాక్టరీలో ఇంజినీరుగా పనిచేసిన రామమోహనరావు బదిలీ మీద వెళ్తూ బిల్డింగ్ వాళ్లందరికీ కలిపి ఇచ్చిపోయాడు. పక్కపక్కనే రెండు తలుపులు. ఎడమవైపు ఫ్రీజర్, అందులో తనంతట తానే ఐసు చేసే మిషను. కుడివైపు అరలు. బిల్డింగ్‌లోని ఎనిమిది కుటుంబాలూ సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేతవాళ్లే. పెరుగు, పిండి, కూరగాయలు, ఉమాకాంత్ భార్య సంధ్యారాణి ఇన్సులిన్ సీసాలు — అన్నీ కుడి తలుపు వెనకే. మూడొంతులే నింపండి, లోపల గాలి ఆడాలి అని రామమోహనరావు చెప్పాడు. ఎవరూ వినలేదు.

మే నెలలో ఒక సోమవారం ఉమాకాంత్ తల్లి ఎల్లవ్వ పోయింది. ఊరి నుంచి చుట్టాలు రైల్లో వచ్చేదాకా శవాన్ని ఉంచాలి. బజారు నుంచి ఐసు దిమ్మలు వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. అంతసేపూ ఈ ఫ్రీజర్‌లోని ఐసునే చుట్టూ పోశారు.

ఆ తర్వాత ఎడమ తలుపును ఎవరూ ముట్టుకోలేదు.

రెండు వారాలకు చప్పుడు వినపడింది.

మొదట ఎవరో నీళ్లు పీలుస్తున్నట్టు... సన్నగా. తర్వాత గంటకు పైగా ఏమీ ఉండదు. ఆ తర్వాత — టక్... టక్... టక్. పళ్లతో ఏదో కొరుకుతున్నట్టు. తెల్లారి చూస్తే గచ్చు మీద తడి.

అన్ని రాత్రులూ కాదు. సోమవారం ఒక్క రాత్రే. ఆమె పోయింది కూడా సోమవారమే.

"ఐసు అడుగుతున్నది" అంది కింది గది వెంకటవ్వ, గొంతు తగ్గించి. "పోయే ముందు రెండు దినాలు అడిగింది గద. కోడలు ఇయ్యకపాయె."

అది నిజమే. ఎల్లవ్వకు దగ్గు. ఐసు వద్దని సంధ్యారాణి ఇవ్వలేదు.

జూన్‌లో పెరుగు పూటకే పులిసిపోవడం మొదలైంది. అదే నెలలో సంధ్యారాణి నీరసపడింది. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటూనే ఉంది. అయినా షుగర్ నాలుగు వందల పన్నెండు. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. "సూది వేసుకుంటున్నావా, మానేశావా?" అని డాక్టరు మూడుసార్లు అడిగాడు. వేసుకుంటున్నానంటే నమ్మలేదు. ఇలాగే ఉంటే ఏదో ఒక రోజు స్పృహ తప్పుతుందని, ఆ తర్వాత తన చేతిలో ఉండదని చెప్పి పంపాడు.

"అత్త పీల్చుకుంటున్నది బిడ్డా" అంది వెంకటవ్వ, అందరిలాగే దూరంగా నిలబడి. "ఊరికి పో. పానం దక్కుతది."

మంగళవారం రైలుకు టికెట్ తీశారు.

ఆ ముందు రోజు, అంటే సోమవారం సాయంత్రం, చాయ్ బండి దగ్గర సదానందం నవ్వుతూ అడిగాడు. ఉమాకాంత్ పక్క సాంచాలు నడిపేది ఇతనే.

"ఏందిరా, మీ అవ్వకు ఓ కుల్ఫీ కొనియ్యరాదు? ఊకుంటదేమో."

ఉమాకాంత్ అతని కాలర్ పట్టుకున్నాడు. ఇద్దరు ముగ్గురు కలిసి విడిపించాల్సి వచ్చింది.

రాత్రి పదకొండుకు ఉమాకాంత్ మెట్లు దిగాడు. సంధ్యారాణి వద్దనలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, లేచే ఓపిక లేదు. బిల్డింగ్‌లో దీపాలు ఒకటొకటిగా ఆరిపోయాయి. మెలకువగా ఉన్నవాళ్లు తలుపుల వెనక ఉన్నారు.

గది తలుపు తోశాడు. కాళ్ల కింద తడి.

సన్నగా... నీళ్లు పీలుస్తున్న చప్పుడు.

"అవ్వా" అన్నాడు.

చప్పుడు ఆగింది.

అప్పుడతను తిట్టడం మొదలుపెట్టాడు. పై అంతస్తు దాకా వినపడింది. బతికినన్నాళ్లు కూసోబెట్టి తిండి పెట్టినందుకు ఇదా అన్నాడు. ఒక్క ఐసు ముక్క కోసం నా పెండ్లాన్ని తింటవా, సిగ్గు లేదా నీకు అన్నాడు. నువ్వు నా తల్లివే కాదన్నాడు. ఇంకా అన్నాడు — అవి నాకు చెప్పినవాళ్లు మళ్లీ నోటితో అనలేకపోయారు.

మాటలు అయిపోయాయి. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు.

టక్.

ఏదో చల్లగా వచ్చి అతని పాదం మీద పడింది.

టక్... టక్.

ఎడమ తలుపు రెండు వేళ్ల సందు తెరుచుకుని ఉంది. లోపలి నుంచి తెల్లటి వెలుతురు. ఉమాకాంత్ పిడి పట్టుకుని ఒక్కసారిగా లాగాడు —

ఐసు. అడుగు నుంచి నడుము దాకా, ఒకదానికొకటి అతుక్కుపోయిన ఐసు. తలుపు లాగగానే గడ్డలు గడ్డలుగా అతని కాళ్ల మీద పడింది. పైనున్న మిషను ఇంకో రెండు ముక్కలు విదిలించి ఊరుకుంది.

కుడి తలుపు తీశాడు. ఇన్సులిన్ సీసా పట్టుకున్నాడు. గోరువెచ్చగా ఉంది.

అక్కడి నుంచే రామమోహనరావుకు ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, ఇంత రాత్రప్పుడు?"

ఉమాకాంత్ చెప్పాడు.

"మిషను పక్కన ఒక తీగ కమ్మీ ఉంటుంది చూడు. దాన్ని పైకెత్తు. ఇక చెయ్యదు."

"ఎత్తిన సార్."

"కింద డబ్బా నిండితే ఆ కమ్మీ తనే పైకి లేచి ఆపేస్తుంది. డబ్బా లేకపోతే ఖాళీగా ఉందనుకుని, పైపు నుంచి నీళ్లు పీల్చుకుంటూ చేస్తూనే పోతుంది. గాలి పోయే దారి మూసుకుపోయి కుడివైపుకు చల్లదనం రాదు. డబ్బా ఏమైంది?"

ఆ డబ్బాతోనే తల్లి చుట్టూ ఐసు పోశారు. శవానికి వాడిన వస్తువు మళ్లీ తిండి ఉన్న చోట పెట్టకూడదు. చాపతో పాటు దాన్ని కూడా పక్కనున్న ఖాడీ కాలువలో పారేశారు. పారేసింది ఉమాకాంతే, కొడుకు కనుక. ఎనిమిది కుటుంబాలూ దగ్గరుండి చూశాయి. ఎవరికీ తప్పనిపించలేదు.

"మరి సోమవారమే ఎందుకు సార్?"

"రోజూ పడుతుందయ్యా. మీ సాంచాలు ఆపేది ఏ రోజు?"

సోమవారం. మిగతా రాత్రులు తెల్లార్లూ సాంచాల మోతే.

ఉమాకాంత్ ఫోన్ పెట్టేసి బయటికొచ్చి ప్రతి తలుపూ కొట్టాడు. రండి చూడండి, మా అవ్వ ఎట్లున్నదో చూసి పోండి అని అరిచాడు. ఇద్దరు తీశారు. వెంకటవ్వ తియ్యలేదు. లోపలి గడియ ఇంకోసారి పడిన చప్పుడు వినపడింది.

రాత్రంతా తెరిచి ఉండే మందుల షాపు నుంచి కొత్త సీసా తెచ్చేసరికి ఒంటిగంట. సూది వేశాక తెల్లవారుజామున చూస్తే షుగర్ రెండు వందల ముప్పై. టికెట్ చింపేశాడు.

సంధ్యారాణి అంతా విన్నది. రెండు నెలలుగా ఆమెను చూసి పక్కకు జరిగినవాళ్ల గురించి ఒక్క మాట అనలేదు.

"గది లోపటికి పోయి ఏమన్నవ్ రాత్రి?"

అతను చింపిన టికెట్ ముక్కలు ఏరసాగాడు.

"నాకు ఇనబడ్డది. పో. తప్పయిందని చెప్పు."

"ఎవరికి చెప్పాలె? ఆడ ఎవ్వరు లేరు."

"తిట్టేటప్పుడు ఉండె గద" అంది సంధ్యారాణి.

ఉమాకాంత్ లేచి మెట్లు దిగాడు.