ఎంగిలి బొమ్మ

కమలాకర్ మణికట్టు తడి తుడుచుకుని నాడిపట్టీ బిగించుకున్నాడు. చూపుటద్దం మీద పొద్దుటి రెండో బొమ్మ మొదలైంది. పేర్లు ముందే కత్తిరించేశారు. తీసిందెవరో తెలిస్తే, అందరికంటే ముందు చూసే కమలాకర్ లాంటి తొలిచూపరి మనసు అటో ఇటో ఒరుగుతుందని వడ్డన యంత్రానికి అనుమానం.

విశాఖ కోస్తా మొత్తానికి సినిమాలు పంచేది వడ్డనే. తొలిచూపరి నాడి ఎలా కొట్టుకుందో చూసి, అదే తీరున కొట్టుకునే నాడులున్న ఇళ్లు ఏరి, ఆ ఇళ్లకే బొమ్మ పంపుతుంది. పక్కపక్క ఇళ్లకు ఒకే బొమ్మ వెళ్లదు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెతకు అలా కాలం చెల్లింది. పొరుగింట్లో ఏం ఉడుకుతోందో తెలిస్తే కదా!

ఈ బొమ్మ ఎవరో సొంత డబ్బుతో తీసినది. ఒకే వంటిల్లు, ఒకే వెలుతురు. గళ్ల లుంగీ కట్టిన మనిషి ఖాళీ అవుతున్న ఆవకాయ జాడీలో వేడన్నం వేసి, నూనె పోసి, అంచులకు అంటిన పిండి కూడా ఊడ్చి కలుపుతున్నాడు. ముద్ద చేసి కెమెరా వైపు చాచాడు. కెమెరా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అందుకుంది. దాని వెంట ఒక నవ్వు వినిపించింది.

పేర్లు కత్తిరించిన యంత్రానికి నవ్వు కత్తిరించాలని తట్టలేదు. అది జోయెల్ నవ్వు. కమలాకర్‌తో నాలుగేళ్లు ఒకే గదిలో కాపురమున్న జోయెల్‌ది.

అప్పట్లో జాడీలో అన్నం కలిపింది కమలాకరే. గడియ వేసిన తలుపు వెనక, ఘాటు బయటికి పోతుందేమోనని కిటికీ కూడా మూసి, ఇద్దరూ తినేవాళ్లు. ఇక్కడ తలుపు బార్లా తెరిచి ఉంది. పక్కవాటా ఆవిడ కరివేపాకు కోసం వచ్చి, గుమ్మంలో నిలబడి ఆ ఇద్దర్నీ ఒకసారి చూసింది.

"మొత్తం మీ మొగుడూమొగుళ్లే తినేత్తారేటి? నాకూ ఓ ముద్ద పెట్టండి" అంటూ చెయ్యి చాచింది.

లుంగీ మనిషి ఆవిడకీ పెట్టాడు.

కమలాకర్ కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. జోయెల్ ఇంకొకరితో ఉన్నందుకు కొంత. ఆ తలుపు తెరిచి ఉన్నందుకు మరీను. ఆ ముద్ద తను చేసిన ముద్దల కంటే గుండ్రంగా ఉన్నందుకు కూడా, సిగ్గులేకుండా. అద్దం అంచున ఈర్ష్యారేఖ లేచి, ఎర్ర గీత దాటేసింది.

బొమ్మ అయిపోయేసరికి పర్యవేక్షకురాలు పైడమ్మ వచ్చింది. పోయిన వారమే అతనికో సంబంధం తెచ్చి, ఇంకా జవాబు కోసం చూస్తున్న మనిషి.

"ఏటి కమలాకరూ, అంత ఎగిరిపోనాది నీ రేఖ? అంత కుళ్లేటి నీకు?"

"నాకెందుకండీ కుళ్లు? ఆవకాయ చూసి ఆకలేసిందంతే" అన్నాడు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ.

"సరేలే. నిద్దరగదికి తోసీ. కుళ్లు పుట్టించిన బొమ్మ సూసినోడు రెండో బొమ్మ అడగడు. అందుకే కదా ఆ గీత ఎట్టినారు."

"ఇంకో తొలిచూపరికి చూపిస్తే?"

"ఎంగిలి బొమ్మ ఇంకొకలికి ఎడతామేటి? మన దగ్గిర అది లేదు కదా, నాయినా."

నిద్రగదికి వెళ్లిన బొమ్మ మళ్లీ లేవదు. అతను చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరికే కూర్చుంటే చాలు, జోయెల్ సుఖం ఎవరి కంటా పడకుండా పోతుంది. ఆ ఊహ ఎంత హాయిగా ఉందో! అతనా హాయిని కాసేపు అనుభవించాడు కూడా. కానీ ఆ పక్కవాటా ఆవిడ చాచిన చెయ్యి కళ్లముందు నుంచి కదల్లేదు. అలాంటిది ఒకటి జరగొచ్చని తనకు ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. చూసి ఉంటే ఆ గడియ తీసేవాడేమో.

అద్దం కింద నోటిమాట మీట ఉంది. మనిషి మాటకీ విలువిస్తున్నామని చెప్పుకోడానికి మొదట్లో పెట్టారు. నొక్కితే తొలిచూపరి పేరు, మొహం, నాడి, మాట బొమ్మకు ముందు నడుస్తాయి. ఎవరూ నొక్కిన పాపాన పోలేదు.

కమలాకర్ నొక్కాడు.

"నా పేరు కమలాకర్. ఈ సినిమా తీసినతనూ నేనూ ఒకప్పుడు కలిసి బతికాం. ఆ అన్నం నేను కలిపేవాణ్ణి. ఇప్పుడు ఇంకొకతను కలుపుతున్నాడు, నాకంటే బాగా కలుపుతున్నాడు. కడుపు మండిపోతోంది. చూడండి."

పైడమ్మ తెచ్చిన సంబంధం గాలిలో కలిసిపోయింది.

వడ్డన అద్దం మీద అడిగింది: "ఈర్ష్య గీత దాటింది. సిఫారసు వచ్చింది. రెండిట్లో ఏది కొట్టెయ్యాలి?"

"ఏదీ వద్దు. రెండూ నావే."

"ఈ తీరు నాడి ఇంకెవరికీ లేదు. ఎవరికి వడ్డించాలి?"

"పంక్తిలో వలపక్షమెందుకు? అందరికీ."

కోస్తా అంతటా ఆడుతున్న వేల బొమ్మలు ఈ ఒక్కదానికి చోటిస్తూ ఒక్కసారిగా ఆగాయి. ఆఫీసులో అద్దాలన్నీ ఖాళీ అయి, తొలిచూపరులు ఒక్కొక్కరే కుర్చీల్లోంచి లేచారు. పైడమ్మ తన కుర్చీ బరబరా లాక్కొచ్చి అతని పక్కన వేసుకుంది.

"మొదట్నించీ ఎట్టు" అంది. "ఎంగిలైతే అయిందిలే, నానూ సూత్తాను."

కమలాకర్ మళ్లీ పెట్టాడు. లుంగీ మనిషి అన్నం కలపడం మొదలెట్టగానే అతని కడుపు మళ్లీ మండింది.