రబ్బరు మూత కింది కరెంటు

కళ్ళజోడు చేసిన ద్రోహం సోల్డర్‌కి పళ్ళు తోముకునేటప్పుడు కూడా గుర్తొచ్చేది. శత్రువుల ట్రాన్స్‌మిటర్‌ని కనిపెట్టింది సోల్డర్. దాన్ని విప్పింది సోల్డర్. విప్పుతూ ఎడమచేతి చూపుడువేలు సగం పోగొట్టుకున్నదీ సోల్డరే. మెడల్ మాత్రం కళ్ళజోడు అల్లుడి మెడలో పడింది. ఆ అల్లుడికి ఫ్యూజు మార్చడం రాదు. ఇంట్లో కరెంటు పోతే మామగారికి ఫోన్ చేస్తాడు.

కళ్ళజోడు సీక్రెట్ సర్వీస్‌కి చీఫ్. సోల్డర్ అతని కింద ఏజెంటు. ఎనిమిదో క్లాసులో బడి మానేసి, టీవీలు రిపేరు చేసే రేకుల షెడ్డులో చేరి, అక్కణ్ణించి సర్వీసులోకి వచ్చిన మనిషి. షెడ్డులో చేతికంటిన మసి పోయింది గాని, చదువుకున్నవాళ్ళ ముందు నిలబడితే మనసుకంటుకునే మంట పోలేదు.

ఆ మధ్యాహ్నం కళ్ళజోడు అతన్ని పిలిపించాడు. కూర్చోమనలేదు. టార్గెట్ ఒక డెంటిస్టు. పగలు పళ్ళు పీకుతాడు, మిగతా టైములో విదేశీ ముఠా నడుపుతాడు. క్లినిక్ వెనకగదిలో ఒక పాతకాలం కంప్యూటర్ ఉంది. తెర, మెదడు అన్నీ ఒకే డబ్బాలో. బయటి ప్రపంచంతో దానికి ఒక్క వైరు కూడా లేదు కాబట్టి ఏ హ్యాకరూ దూరలేడు. విదేశంలోని ముఠా హెడ్‌క్వార్టర్స్ నుంచి రేడియోలో వచ్చే అంకెలను మాటలుగా మార్చేది అందులోని ఒక చిప్. నిన్నటినుంచి ఆ తెర వెలగడం లేదు. రిపేరు మనిషిని వెతకమని డెంటిస్టు పంపిన ఆడమనిషి, లోపల మన తరఫున పనిచేస్తున్న మేడమ్.

"సాయంత్రం ఒక మెసేజ్ వస్తుంది. అందులో ఒక పేరు ఉంటుంది. ముఠాలో దూరిన మన మనిషి పేరు," అన్నాడు కళ్ళజోడు.

ముఠాలో దూరిన మనిషి సోల్డర్ తమ్ముడు. డెంటిస్టు కారు డ్రైవర్‌గా చేరాడు.

వాణ్ణి ఇప్పుడే బయటికి లాగేయండి అన్నాడు సోల్డర్. కుదరదన్నాడు చీఫ్. మెసేజ్ వచ్చేదాకా మేడమ్ తప్ప ముఠావాళ్ళెవరూ గేటు దాటకూడదని డెంటిస్టు ఆర్డర్. గేటు దగ్గర తుపాకీ ఉంది. తర్వాత చీఫ్ సొరుగులోంచి రెండు చిప్‌లు తీసి బల్లమీద పెట్టాడు. ఒకదాని మీద ఎర్రచుక్క, ఒకదాని మీద నల్లచుక్క.

"ఎర్రది పెడితే ఆ మెసేజ్‌లో డెంటిస్టు కాంపౌండర్ పేరు కనిపిస్తుంది. నల్లది పెడితే మేడమ్ పేరు."

"మేడమ్ ఏం చేసింది?"

"నీ తమ్ముడు మన మనిషని తెలిసినవాళ్ళం ముగ్గురం. నేను, నువ్వు, ఆమె. పేరు హెడ్‌క్వార్టర్స్‌కి ఎవరో అమ్మారు. నాకు అనుమానమే తప్ప రుజువు లేదు. రుజువు నువ్వు చూసుకో. అమ్ముడుపోయిన మనిషిని మిగిలిస్తే మళ్ళీ అమ్ముతుంది."

ఈ పనికి నేనే ఎందుకని సోల్డర్ అడిగాడు. కళ్ళజోడు అద్దాలు తుడుచుకుంటూ, ఆమెకి పని నేర్పింది నువ్వే కదయ్యా అన్నాడు. అదీ నిజమే. మేడమ్ సోల్డర్ భార్యకి సొంత చెల్లెలు. షెడ్డులో అతని పక్కన స్టూలేసుకుని కూర్చుని టంకం పెట్టడం నేర్చుకున్న మరదలు. ఆమె అందం చూసి సర్వీసు ఎగరేసుకుపోయింది.

వేషాల సెక్షన్ ఇప్పుడు అల్లుడి చేతిలో ఉంది. అతను సోల్డర్‌కి నెరిసిన విగ్గు, ఎత్తుపళ్ళ కట్టుడు సెట్టు ఇచ్చాడు. పోయేది పళ్ళ డాక్టరు దగ్గరికి, పెట్టుకునేది దొంగపళ్ళు. సోల్డర్ వాటిని వీధి మలుపులో మురిక్కాలవలోకి ఉమ్మేసి ముందుకు నడిచాడు. చిప్‌లు రెండూ సోల్డరింగ్ ఐరన్ బోలుపిడిలో ఉన్నాయి.

క్లినిక్ ఆవరణలో నల్లకారు. తమ్ముడు బానెట్ మీద గుడ్డ ఆడిస్తూ అన్నని చూసి, ముక్కూమొహం తెలియనివాణ్ణి చూసినట్టు చూసి, మళ్ళీ గుడ్డ ఆడించాడు. వాడి మెడ వెనక చెమట చొక్కాలోకి కారుతోంది.

మెట్ల మీద మేడమ్ నిలబడి ఉంది. ఎర్ర గౌను, పొడుగు గోళ్ళు, అక్క పోలిక ఒక్క కళ్ళలోనే. తెర మసకగా ఉందా, మొత్తం చీకటా అని సోల్డర్ కోడ్ ప్రకారం అడిగాడు. మొత్తం చీకటే అందామె. వెనకగదికి నడిపిస్తూ పెదవులు కదలకుండా పలకరించింది.

"జుట్టు బాగా నెరిసింది బావా. అక్క సరిగ్గా చూసుకోవట్లేదా?"

"విగ్గులే."

"అక్క చూసుకుంటే విగ్గు కూడా నెరవదు."

వెనకగది ఇరుకు. సగం గోడకి తెల్లటి పలకలు, మూలన దంతాల అచ్చులు నింపిన అల్మారా. బల్లమీద కంప్యూటర్, పసుపెక్కిన ప్లాస్టిక్ డబ్బా. తలుపు దగ్గర కాంపౌండర్. కోటు జేబులో అతని చెయ్యి, చేతిలో పిస్టల్. పక్కగదిలో డెంటిస్టు ఎవరి పన్నో తొలుస్తున్నాడు. డ్రిల్లు రొదకి అల్మారా అద్దాలు సన్నగా వణుకుతున్నాయి.

కొత్తమనిషి చెయ్యి డబ్బాలో ముందు పడకూడదని కాంపౌండర్ చెప్పాడు. మేడమ్ విప్పాలి, మేడమ్ చూడాలి, ఆ తర్వాతే మెకానిక్. నాకు వచ్చులే అని ఆమె ప్లగ్గు పీకి, వెనక స్క్రూలు తిప్పి, మూత లాగింది. లోపల పిక్చర్ ట్యూబు, పెద్ద గాజుసీసాని పడుకోబెట్టినట్టుంది. దాని పక్క మీద చిన్న రబ్బరు మూత. ఆ మూత కిందే ఉంటుంది మృత్యువు. ప్లగ్గు పీకినా సరే, ట్యూబు కరెంటుని పొట్టలో దాచుకుంటుంది. పాత ట్యూబులు రోజుల తరబడి దాచుకుంటాయి. చెయ్యి తగిలిందా, ఆ దాచిందంతా ఒక్కసారిగా మనిషి గుండెల్లోంచి దిగుతుంది. దాన్ని ముందే దించెయ్యాలి. స్క్రూడ్రైవర్ కడ్డీకి ఒక వైరు చుట్టి, ఆ వైరు రెండో కొసని ట్యూబు వీపుమీద వేలాడే జడలాంటి రాగితీగకి తగిలించి, డ్రైవర్ మొనని రబ్బరు మూత కిందికి దూర్చాలి. ఫట్‌మంటుంది. కాసేపాగి మళ్ళీ దూర్చాలి, ఎందుకంటే ట్యూబు గొంతులో ఇంకొంచెం మిగిలే ఉంటుంది. ఇదంతా ఒంటిచేత్తో చెయ్యాలి. రెండో చెయ్యి వీపు వెనక.

మేడమ్ ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుంది. సోల్డర్ నేర్పినట్టే. స్క్రూడ్రైవర్‌కి వైరు కట్టింది. అదీ నేర్పినట్టే. వైరు క్లిప్పుని మాత్రం జడతీగకి కాక, పక్కనున్న ఇనపచట్రానికి తగిలించింది. చట్రం మీద దట్టంగా బూడిదరంగు పెయింటు ఉంది. పెయింటులోంచి కరెంటు దిగదు. ఆమె మొనని మూత కిందికి దూర్చింది, పక్కగదిలో డ్రిల్లు గీపెట్టింది, ఆమె మొన బయటికి లాగి, తలుపు దగ్గరి కాంపౌండర్‌కి వినపడకుండా అతని చెవి దగ్గర అంది.

"అయిపోయింది. ఫట్‌మంది, విన్లేదా బావా?"

సోల్డర్ ఏమీ విన్లేదు. డ్రిల్లు రొదలో పిడుగు పడినా వినపడదని ఆమెకి తెలుసు. కాని పెయింటు మీద క్లిప్పు పెట్టడం కొత్తగా నేర్చినవాళ్ళందరూ చేసే తప్పే. షెడ్డులో ఆమే ఒకసారి చేసింది, సోల్డర్ చెయ్యి పట్టి లాగి నెత్తిన మొట్టాడు. ఇన్నేళ్ళు నగలూ గౌన్లూ వేసుకు తిరిగిన మనిషి పని మరిచిపోయి ఉండొచ్చు. మరిచిపోయిందా, గుర్తుండే చేసిందా? చిప్‌లు రెండు. మరదలు ఒక్కతే. కిటికీలోంచి తమ్ముడి గుడ్డ కనిపిస్తోంది, తుడిచినచోటే తుడుస్తోంది.

షెడ్డులో ఒక రూలు ఉండేది. ట్యూబు ఖాళీ చేసినవాళ్ళే ముందు చెయ్యి పెట్టాలి. పక్కవాడి ప్రాణంతో పరాచికాలు ఆడకుండా పాత మేస్త్రీ పెట్టిన రూలది. ఆ రూలు తెలియనివాళ్ళు ఆ షెడ్డులో పనిచెయ్యలేదు.

"అయితే మూత నువ్వే తీయి," అన్నాడు సోల్డర్. "షెడ్డు రూలు."

అంటూ తన కుడిచేతిని ఆమె మణికట్టు పక్కనే సిద్ధంగా పెట్టుకున్నాడు. మరిచిపోయిన మనిషైతే ధైర్యంగా చెయ్యి దూరుస్తుంది. దూర్చినమరుక్షణం పట్టి లాగెయ్యాలి. పాతరోజుల్లోలా నెత్తిన ఒక మొట్టికాయ వెయ్యాలి. ఎర్రచుక్క చిప్ పెట్టి, కాంపౌండర్ని చావనిచ్చి, మరదల్ని ఇంటికి తీసుకుపోవాలి. ఆ ఒక్క క్షణం అతను నిజంగా దేవుణ్ణి తలుచుకున్నాడు.

ఆమె చెయ్యి రబ్బరు మూత దాకా వెళ్ళింది. అక్కడే గాల్లో ఆగింది. వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి.

"గోళ్ళకి ఇప్పుడే రంగు వేయించుకున్నాను బావా. నువ్వే తీయి."

కాంపౌండర్ ఏంటాలస్యం అన్నాడు. సోల్డర్ డబ్బా మీదికి వంగాడు. క్లిప్పుని పెయింటు మీంచి పీకి జడతీగకి తగిలించాడు. ఎడమచెయ్యి వీపు వెనక పెట్టి, మొనని మూత కిందికి దూర్చాడు. నీలంమెరుపు. డ్రిల్లు రొదని మించి ఫట్‌మంది. కాంపౌండర్ ఎగిరిపడి గుమ్మం బయటికి నడిచాడు, నీ పని నువ్వు చేసుకో అని అక్కణ్ణించే చూపుతో కాపలా కాశాడు. అతని చూపుకి సోల్డర్ వీపే అడ్డం.

మేడమ్ మొహంలో రక్తం లేదు. ఇప్పుడామెకి నోరెత్తే దారి లేదు. ఈ మెకానిక్‌ని పిలుచుకొచ్చింది తనే. ఇతను ఏజెంటని చెబితే నీకెలా తెలుసంటాడు డెంటిస్టు. తమ్ముడి పేరుని డెంటిస్టుకి చెప్పకుండా నేరుగా హెడ్‌క్వార్టర్స్‌కి అమ్ముకున్నదీ అందుకే. మెకానిక్ షాకు కొట్టి చస్తే ఎవరి తప్పూ కాదు, మిగతా రిపేరు తనే చేసి అసలు పేరే తెర మీద పడనిచ్చేది.

సోల్డర్ కాసేపాగి రెండోసారి దించాడు. ఈసారి చీమ చిటుక్కుమన్నంత చప్పుడు. తర్వాత చేతులు రెండూ లోపల పెట్టాడు.

"తమ్ముడేం చేశాడే నీకు?" అన్నాడు తలెత్తకుండా.

"పెళ్ళి చేసుకోమంటే నన్ను కాదన్నాడు. అక్క తెలివితక్కువది గనక మీ ఇంట్లో పడింది, నాకు తెలివి ఉంటే పడొద్దన్నాడు. నలుగురిలో అన్నాడు."

"దానికి చంపుతావా?"

"డబ్బు కూడా ఇచ్చారు."

తెర ఆరిపోవడానికి కారణం పగిలిన టంకం ఒక్కటే. సోల్డర్ దాన్ని కరిగించి అతికాడు. చిప్‌ల కాళ్ళు తుడుస్తున్నట్టు నటిస్తూ ఒకదాన్ని పీకాడు, ఐరన్ పిడిలోంచి ఇంకోదాన్ని నొక్కాడు. చుక్క కింద పడేలా తిప్పి పెట్టాలి కాబట్టి ఆమెకి ఏ రంగూ కనిపించలేదు. కాని చిప్ మారిందని కనిపించింది.

"బావా, ఎవరి పేరు పడుతుంది?"

"అక్కకి ఏం చెప్పమంటావు?" అన్నాడు సోల్డర్.

ఆమె బల్లని పట్టుకుంది.

డ్రిల్లు ఆగింది. డెంటిస్టు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రేడియో కూడా అప్పుడే గురగురలాడింది. అతను అంకెలు ఒక్కొక్కటే కీబోర్డు మీద కొట్టాడు. తెర మీద ముందు మసక, తర్వాత ఆకుపచ్చ అక్షరాలు. ఆర్డర్ వచ్చింది, కింద పేరు వచ్చింది. డెంటిస్టు రెండుసార్లు చదివాడు. అతని మొహంలో కోపం లేదు, పుచ్చిన పన్ను దొరికినప్పుడు ఉండే శ్రద్ధ ఉంది.

"మంచి పనివాడివి," అన్నాడు సోల్డర్‌తో. "డ్రైవర్ దింపుతాడు, వెళ్ళు." తర్వాత మేడమ్ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "మీరు వచ్చి కుర్చీలో కూర్చోండి," అన్నాడు.

ఆమె ఇతను ఏజెంటని చెప్పడానికి నోరు తెరిచింది. కాంపౌండర్ చెయ్యి ఆ నోటిని మూసేసింది. పేరు తెర మీద పడ్డవాళ్ళ మాట ముఠాలో ఎవరూ వినరు, ఆ తెరని వెలిగించినవాణ్ణి ఎవరూ అనుమానించరు.

సోల్డర్ సంచీ సర్దుకుని బయటి హాల్లోకి వచ్చాడు. బెంచీలన్నీ ఖాళీ. పేషెంట్లు ఒక్కరూ లేరు. అతను మెట్లు దిగుతుండగా డ్రిల్లు మళ్ళీ మొదలైంది.

కారు గేటు దాటింది. తుపాకీవాడు సలాం కొట్టాడు. నాలుగు వీధులు దాటాక తమ్ముడు వెనక్కి తిరిగి, లోపల ఎవరి పేరు పడిందన్నా అని అడిగాడు. రోడ్డు చూసి నడపరా అన్నాడు అన్న. వాడు రోడ్డు వైపు తిరిగాడు. వాడికి అర్థమయిందని సోల్డర్‌కి అర్థమయింది.

మర్నాడు పోలీసులు క్లినిక్ చుట్టుముట్టారు, ముఠా మొత్తం దొరికింది. మేడమ్ మాత్రం ఏ రూపంలోనూ దొరకలేదు. దాడికి నాయకత్వం వహించినందుకు అల్లుడికి రెండో మెడల్ వచ్చింది. చెల్లెలు ఎవరితోనో దేశం దాటిపోయిందని సోల్డర్ ఇంట్లో చెప్పాడు. భార్య ఏడ్చి, తిట్టి, ఎదురుచూస్తోంది. సోల్డర్ మామగారు ఎప్పుడో పోతూ పోతూ ఇద్దరు కూతుళ్ళూ కలిసి సంతకం పెడితే తప్ప పొలం ఎవరికీ చెందదని రాసిపోయాడు. శవం లేదు కాబట్టి చచ్చిందని రుజువు లేదు, చావు సర్టిఫికెట్ అడిగితే నీకెలా తెలుసంటారు. తమ్ముడు దక్కాడు. పోయింది రెండెకరాల ముప్పావు, బోరుబావితో సహా.