పన్నెండు దగ్గర ఆగిపోయేది

బేయూ అనే బురదనీటి పాయ ఒడ్డున, బూడిదరంగు నాచు వేలాడే ఓక్ చెట్ల కింద, క్యాంపర్లు — పడకా వంటా అన్నీ ఉన్న ఇంటిబండ్లు — ఆపుకునే తోట ఒకటి ఉంది. అందులో చిట్టచివరి చోటు మాటెత్తితే, లూయిజియానాలో క్యాంపర్ బండి ఉన్నవాళ్లెవరైనా మాట మార్చేస్తారు. అక్కడ బండి ఆపినవాడు తెల్లారేదాకా ఉన్న దాఖలా లేదట. నీళ్ల పైపు కూడా విప్పకుండా, దాన్ని ఈడ్చుకుంటూనే పారిపోయినవాళ్లున్నారట.

కారణం రూగరూ. మనిషి ఒళ్లు, తోడేలు తల. దానికి ఒకటే జబ్బు — కంటపడ్డవి లెక్కపెట్టందే ముందుకు కదల్లేదు. పన్నెండు దాటితే లెక్క రాదు. అందుకే అక్కడి జనం చీకటిపడగానే క్యాంపర్ మెట్టు మీద చిల్లుల గిన్నె బోర్లిస్తారు. అది పన్నెండు చిల్లులు లెక్కపెట్టి, తికమకపడి, మళ్లీ మొదటికొస్తుంది. తెల్లారేసరికి నీళ్లలోకి పోతుంది.

చిల్లులన్నీ లెక్కపెట్టేసిందా... మెట్టెక్కుతుంది.

వెర్నాకి ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. ఒకటో తరగతి పిల్లలకి అంకెలు నేర్పి నేర్పి రిటైరైన మనిషి. నమ్మేవాడు ఆవిడ భర్త ఆల్సీడ్. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. ఆయన గుర్తుగా మిగిలింది క్యాంపర్ ఒక్కటే, అదీ కొడుకు రెమీ పేరున ఉంది. రెమీ దాన్ని అమ్మేస్తానంటున్నాడు.

"ఆగస్టులో క్యాంపింగేంటమ్మా? ఆ ఉక్కకి రొట్టె సంచిలోనే బూజు పడుతుంది," అన్నాడు, ఆవిడ వంటింటి బల్ల మీద ప్రయాణపు సామాను పేరుస్తుంటే.

"అందుకే ఇవి," అంది వెర్నా, తేమ పీల్చే గుళికల డబ్బాలు చూపించి. పక్కన చక్రాల చుట్టూ చల్లడానికి చీమల మందు, బండి వాలకుండా కింద పెట్టే చెక్కలు.

"నీకు బండి వెనక్కి తియ్యడం రాదు."

"నేర్చుకున్నా. చర్చి వెనక ఖాళీ జాగాలో."

"చెత్తకుండీని గుద్దేశావట కదా?"

"అదే అడ్డమొచ్చింది."

రెమీకి ఒళ్లు మండింది. "సరే, అంత ధైర్యముంటే ఆ చివరి చోట ఒక్క రాత్రి ఒంటరిగా ఉండు. తెల్లారేదాకా నాకు ఫోను చెయ్యకపోతే బండి నీదే. చేశావా, మర్నాడే కొనేవాణ్ని పిలుస్తా."

"నీ దగ్గరున్న బండి రెండో తాళం జేబులో పెట్టుకుని రా పొద్దున. నాకు ఇచ్చి పోదువుగాని," అంది వెర్నా.

వెళ్లేముందు తండ్రి వాడిన చిల్లుల గిన్నె తనే తెచ్చి సామానులో పెట్టాడు రెమీ. ఆవిడ నవ్వింది గాని, తీసెయ్యలేదు.

చివరి చోట బండి రెండు ప్రయత్నాల్లో నిలబెట్టింది. సాసేజ్ వేయించుకు తింది. ఆల్సీడ్ మాట తీసెయ్యడానికి మనసొప్పక గిన్నె మెట్టు మీద బోర్లించి, తలుపు గడియపెట్టి పడుకుంది.

టింగ్.

కళ్లు తెరిచింది.

టింగ్... టింగ్...

ఫోను చేతిలోకి తీసుకుని, రెమీ మొహం గుర్తొచ్చి, మళ్లీ కింద పెట్టింది. కాస్సేపు చెవులు రిక్కించి విని, విసురుగా లేచి తలుపు తీసింది.

కప్పు మీది ఏసీ నీళ్లు. అంచు వెంట జారి, బొట్టుబొట్టుగా గిన్నె మీద పడుతున్నాయి.

"దీనికా మగాళ్లంతా పైపులు ఈడ్చుకుంటూ పారిపోయింది," అని ఒక్కతే నవ్వుకుంది. తలుపేసి, ఏసీ కట్టేసి, చెమటలో పడుకుంది. బొట్లు ఆగిపోయాయి.

హాయిగా ఉంది. ఉక్కగా ఉన్నా హాయిగా ఉంది.

టక్.

ఇది బొట్టు కాదు. గోరు.

టక్... టక్... టక్...

ఒకదానికొకటి సమాన దూరంలో, తొందర లేకుండా. వద్దనుకుంటూనే లెక్కపెట్టింది వెర్నా. పన్నెండు. ఆగింది. మెట్టు అవతల బరువైన ఊపిరి... తడి జుట్టు వాసన. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ పన్నెండు. మళ్లీ ఆగింది.

భయమేసింది ఆవిడకి. కాని భయం కన్నా లోపల ఇంకేదో దురద. పిల్లాడు అంకె దగ్గర ఆగిపోతే ఊరుకోలేని నోరు అది. ఎన్నేళ్ల అలవాటో.

టక్... టక్... పన్నెండు. నిశ్శబ్దం.

"పదమూడు," అంది వెర్నా.

అన్నాక నాలుక కరుచుకుంది. దాని చెవిన పడేలా లెక్కపెట్టకే, అని ఆల్సీడ్ ఎన్నిసార్లు మొత్తుకున్నాడో అప్పుడు గుర్తొచ్చింది.

బయట చాలాసేపు ఏమీ లేదు. తర్వాత —

టక్. మొదటి నుంచి. పది... పన్నెండు... పదమూడు.

పద్నాలుగు.

దారి దొరికిన పిల్లాడిలా గబగబా ముందుకు పోతోంది. వెర్నా ఫోను అందుకుంది. బొటనవేలు రెమీ పేరు మీద ఉంది. నొక్కితే వాడొస్తాడు. నొక్కితే బండి పోతుంది. ఆల్సీడ్ వీపు ఆనించి ఆనించి గుంటపడ్డ ముందు సీటు పోతుంది.

ఫోను దిండు కింద తోసేసింది. లేచి కూర్చుని, తరగతి గదిలో వాడే గొంతు తీసింది.

"ఆగు."

ఆగింది.

"ఎవరు తరుముతున్నారు నిన్ను? సగం చిల్లులు వదిలేశావు. మొదటి నుంచి చెప్పు."

ఊపిరి బరువుగా వినపడింది. తలుపు మీద ఏదో రాసుకుంది. తర్వాత, నెమ్మదిగా... టక్.

అలా రాత్రంతా. అది ఎంతో కొంత దూరం పోవడం, ఆవిడ తప్పు పట్టడం. "మళ్లీ." "గొణక్కు, మళ్లీ." తెల్లవారుజామున కునుకు పట్టింది. ఉలిక్కిపడి లేచేసరికి చప్పుడు గిన్నె అంచుదాకా వచ్చేసింది... లెక్క అయిపోవచ్చిందన్న ఆత్రమేమో, తలుపు పిడి అప్పుడే సగం తిరిగి ఉంది.

"తప్పు!" అని గొంతు చిరిగేలా అరిచింది వెర్నా. "మొదటి నుంచి!"

పిడి నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

వెలుతురు రాగానే రెమీ వచ్చాడు. వాళ్లమ్మ తలుపు తీసి గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతోంది. ఒళ్లంతా చెమట, గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"ఫోను చెయ్యలేదే," అన్నాడు, కొంచెం నిరాశగా, కొంచెం గర్వంగా. "నిద్రపట్టిందా?"

"ఒక్క కునుకు."

మెట్టు మీది గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. మొహం పాలిపోయింది. ప్రతి చిల్లు పక్కనా కొత్తగా గీత పడి ఉంది, లోతుగా, రేకు మెరిసేలా. అంచున ఒక్క చిల్లు మాత్రం శుభ్రంగా ఉంది.

"ఇదేంటమ్మా... ఎన్ని..." వేలు పెట్టి మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు..."

వెర్నా చటుక్కున వాడి నోరు మూసింది. బేయూలో, ఒడ్డుకి దగ్గరగా, నీళ్లు ఒక్కసారి కదిలాయి.

"పైకి లెక్కపెట్టకు, వింటుంది," అంది మెల్లగా. గిన్నె వాడి చేతిలోంచి తీసుకుని, మళ్లీ మెట్టు మీదే బోర్లించింది. "ఒక్క చిల్లే మిగిలింది. రాత్రికీ ఇక్కడే ఉండి, అది అక్కడిదాకా రాకుండా నేను చూసుకుంటా. రెండో తాళం ఇటివ్వు."