అంకితం పేజీ చదవని రచయిత

అచ్చయి వచ్చిన పుస్తకాల పెట్టె విప్పి మొదటి కాపీ అమ్మ చేతిలో పెట్టాడు. అయిదు నిమిషాలకి ఆవిడ కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి, "ఎవర్రా ఈ మనిషి?" అంది.

కథలో మనిషి గురించి అనుకున్నాడు కొడుకు. కాదు, అంకితం పేజీలో మనిషి. "అమ్మకి" అని ఉండాల్సిన చోట ఇలా ఉంది: "కామా ఒక్కటి మార్చడానికి రోజూ వచ్చి గంటసేపు కూర్చునే మనిషికి. ఇకనుంచి కామా లేకపోయినా రావచ్చు."

మనవాడికి బుర్ర తిరిగిపోయింది. రాసింది తను కాదు. ఆ మనిషి మాత్రం అచ్చంగా తనే. ఎవరి పుస్తకం వాళ్ళకే అంకితమవడం ఎక్కడైనా ఉందా? పెట్టెలో చెయ్యిపెట్టి అట్టడుగు కాపీ కూడా తీసి చూశాడు. అందులోనూ అదే.

అమ్మ కోప్పడలేదు. "నాకే అన్నావుగా," అని మాత్రం అంది. కోప్పడినా బావుండేదనిపించింది అతనికి.

అతను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. ఊరందరి చూపూ సరిచేస్తాడు. నాలుగేళ్ళు కూర్చుని రాసిన ప్రేమ నవలని ఎవరూ వెయ్యకపోయేసరికి, పౌరుషం వచ్చి, నేనే వేసుకుంటానని ప్రెస్సు మేడమెట్లెక్కాడు. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని పుస్తకానికి పేజీలు కట్టే అమ్మాయిని అందరూ పేజీలమ్మాయి అంటారు.

మొదటి రోజే పేచీ వచ్చింది. "మీ హీరో నూట ఎనభై పేజీలు బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాడేంటండీ? ఆ అమ్మాయికి ఒక్క ముక్క చెప్పడా?" అని అడిగేసింది.

"అది మౌనమండీ. మౌనంలో లోతుంటుంది."

"ఉంటుందేమో. చదివేవాళ్ళకి నిద్ర కూడా ఉంటుంది రచయితగారూ."

అతనికి చిర్రెత్తుకొచ్చింది. ఆమె తప్పని నిరూపిద్దామని ఇంటికెళ్ళి మళ్ళీ చదివి, నలభై పేజీలు కొట్టేశాడు. కాకిపిల్ల కాకికి ముద్దన్నది ఎంత నిజమో సొంతంగా పుస్తకం వేసుకునేవాడికి తెలిసినంతగా కాకికి కూడా తెలియదు. అట్ట మీద సూర్యాస్తమయం, గొడుగు, రెండు పావురాలు అన్నీ కావాలన్నాడు. ఇంతకీ అమ్మేది నవలా, గొడుగులా అని అడిగిందామె. గొడుగు పోయింది, పావురాలు ఎగిరిపోయాయి, అట్ట బాగుపడింది. ఆ తర్వాత అతను ఏదో ఒక కామా పట్టుకుని రోజూ రావడం మొదలుపెట్టాడు. ఎందుకొస్తున్నాడో అతనికే సరిగ్గా తెలియదు.

అంకితం అమ్మకేనని ఆమెకి ముందే చెప్పాడు. కాకపోతే దానికో గొప్ప వాక్యం తగిలించాలని, తర్వాత చెప్తానని వాయిదా వేశాడు. అది మరిచేపోయాడు. అలా ఖాళీగా వదిలిన చోట, అసలు వాక్యం వచ్చేదాకా చూపుకి ఉంటుందని, పేజీలు కట్టేవాళ్ళు ఏదో ఒక ముక్క పెట్టి ఉంచుతారు. అచ్చుకి ముందు సరిచూసుకోమని ఇచ్చే ప్రూఫులో ప్రతి పేజీ కిందా రచయిత "చూశాను, సరే" అని రాసి సంతకం పెడితేగానీ ప్రెస్సులో మిషను తిరగదు. మూడు ప్రూఫులొచ్చాయి. కథని మూడుసార్లూ అక్షరం అక్షరం చదివాడు. ముందు పేజీల్లో చదవడానికేముందిలే అని చకచకా సంతకాలు పెట్టేశాడు.

మూడో ప్రూఫు అయ్యాక వెళ్ళడానికి సాకు లేకపోయింది. మూడు వారాలు వెళ్ళలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే, "పుస్తకాలయ్యాక చెప్తారండీ," అని ముక్తసరిగా చెప్పి పెట్టేసింది. తనేం తప్పు చేశాడో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఇప్పుడు పుస్తకం చొక్కాలో దాచుకుని, వానలో తడుస్తూ మళ్ళీ ఆ మెట్లెక్కాడు.

ఆమె బల్ల మీద "అమ్మకి" అని అచ్చువేసిన చీటీలు కట్టగా ఉన్నాయి. తల ఎత్తకుండానే, కాపీకొకటి చొప్పున ఉన్నాయని, ఆ పేజీ మీద అంటిస్తే ఏమీ కనిపించదని, తప్పు తనదేనని, ఈసారి పుస్తకం ఇంకెవరిచేతనైనా కట్టించుకోమని చెప్పింది.

"పొరపాటున ఉండిపోయిందాండీ?" అని అడిగాడు.

"మొదటిసారి సరదాకే పెట్టాను. చూసి తిడతారనుకున్నా. సరే అని రాశారు. రెండోసారీ అంతే. మూడోసారి తీసేద్దామంటే చెయ్యి రాలేదు. మళ్ళీ సరే అన్నారు." ఆమె చీటీల కట్ట అతని ముందుకి తోసింది. "రావచ్చంటే సరే అన్న మనిషి, మర్నాటినుంచి రావడమే మానేశారు. నేనేమనుకోవాలి?"

చదివానంటే అబద్ధం. చదవలేదంటే అవమానం.

"ఆ పేజీ నేను చదవలేదండీ. మూడుసార్లూ చదవలేదు."

ఆమె ముఖం చిన్నబోయింది. "అంటే ఆ సరే నాకు కాదన్నమాట," అని గోందు సీసా మూత తీసింది.

తన హీరో ఇలాంటి చోటే నోరు మూసుకుంటాడు. ఆమె తిట్టింది అందుకే. అతను చీటీల మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరంటే నాకిష్టం. అప్పుడే చదివుంటే అప్పుడే చెప్పేవాణ్ణని అనలేను, పిరికివాణ్ణి. ఇవాళ చదివాను. ఇవాళ చెప్తున్నాను."

ఆమె సీసా మూత మళ్ళీ పెట్టేసింది. అతని తడిసిన జుట్టులోంచి నీళ్ళు చీటీల మీద పడుతున్నా వద్దనలేదు.

"మరి అమ్మగారికిచ్చిన మాట?" అంది చివరికి.

నిజమే. ఆ పేజీ అమ్మది, తను ఇంకొకరికి ఇచ్చేసేది కాదు. అక్కడినుంచే ఫోన్ చేసి, తడబడుతూ మొదటినుంచీ అంతా చెప్పాడు. ఆవిడ అంతా విని, ఫోను ఆ అమ్మాయికివ్వమంది.

పేజీలమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడి అందుకుంది. "నమస్కారమండీ," అంది. తప్పు తనదేనంది. ఆ తర్వాత వింటూ ఉండిపోయింది. ఒకసారి నవ్వింది. ఒకసారి చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుంది. అవతల ఏమంటున్నారో అతనికి ఒక్క ముక్కా వినబడలేదు.

"అలాగే అత్తయ్యా," అని ఫోను అతని చేతికిచ్చి, చీటీల కట్ట తీసి చెత్తబుట్టలో వేసింది.