కంచె అవతలి కేక

“సర్దుకో చెల్లే! ఇంకొక్క పూట గూడ నిన్ను గీ ఇంట్ల ఉండనియ్య!”

పెద్దపల్లి నుంచి పొద్దుటి బండికి వచ్చిన ఇస్తారి గడపలోనే నిలబడి కేకలేస్తున్నాడు. కాళ్ళకు నీళ్ళిచ్చినా తీసుకోలేదు. అతని చూపంతా చెల్లెలు అనసూర్య చెంప మీదే ఉంది. అక్కడ రూపాయి బిళ్ళంత మేర నల్లగా కమిలిపోయింది! మోచేతి మీద ఒకటి, భుజం మీద మరొకటి... పర్శరాములు పెళ్ళాన్ని చావబాదుతున్నాడని బెల్లంపల్లి బొగ్గుబాయి ఇళ్ళ లైన్లలో, నీళ్ళ పంపు దగ్గర పుట్టిన మాట పెద్దపల్లి దాకా పోయింది మరి!

“ఎవలు గొట్టిండ్రు? చెప్పవేందే?”

అనసూర్య కొంగు నోట్లో కుక్కుకుని, మంచం మీద కూర్చున్న మొగుడి వైపు చూసింది. పర్శరాములు గోడ వైపు చూస్తున్నాడు. అత్త ఐలవ్వ మాత్రం నెత్తి బాదుకుంటూ, “నా కొడుకు గసొంటోడు కాదు బిడ్డా! పొద్దుగాల ఇద్దరు గలిసి యాడికో పోతరు... మొకం వాచి వస్తది. నాకేం ఎరుక!” అని ఉన్నమాట చెప్పి కొడుకు కొంపను ఇంకాస్త ముంచింది.

చెప్పడానికి అనసూర్యకు నోరుంది. కానీ ఆ నోటికి మొగుడు పెట్టించుకున్న ఒట్టు అడ్డం పడింది!

పర్శరాములు బొగ్గుగని దొరల క్లబ్బులో టెన్నిసు మార్కరు. సున్నంతో గీతలు కొట్టడం, వల కట్టడం, జోడీ దొరకని దొరతో ఆడటం అతని కొలువు. మొన్న వానాకాలంలో నేల చదును చేస్తుండగా రోలరు పిడి తగిలి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ పట్టు రాలేదు. కుడిపక్కకు వచ్చిన బంతిని ఎలాగో తోసేస్తాడు. ఎడమపక్కకు వస్తే మాత్రం బ్యాటు చేతిలోనే తిరిగిపోతుంది. ఈ సంగతి బయటపడితే కొలువూ పోతుంది, కంపెనీ ఇల్లూ పోతుంది! అందుకే, “నా తల మీద ఒట్టు, ఎవ్వలికి చెప్పకు” అన్నాడు.

దొరలు లేవకముందే, ఆకులు ఊడ్చే వంకతో అనసూర్య అతని వెంట వెళ్ళేది. వల అవతల నిలబడి అతని ఎడమపక్కకు బంతులు విసిరేది. అతను కుడిచేయి కింద, ఎడమచేయి పైన పెట్టి బ్యాటు పట్టేవాడు. భుజం తిప్పి, బ్యాటు ముందే వెనక్కి లాగి, ఎడమచేత్తో నెట్టి కొట్టాలి. చేతులు త్వరగానే కుదిరాయి. కాళ్ళే కుదరలేదు!

“ఒక్క చేయి చాపితే బంతి అందేది. రెండు చేతులతోని బ్యాటు వడితె అందదు... కాళ్ళే దాని కాడికి పోవాలె” అనేవాడు.

కాళ్ళు ఎలా పోతాయి? మంచం దిగకుండా చేయి చాపి “నీళ్ళు!” అనే మహారాజు కాళ్ళాయె! బంతి విసిరినప్పుడల్లా “కాళ్ళు!” అని అరవమని తనే చెప్పాడు. చిన్న చిన్న అడుగులతో పోయి, కుడికాలు ముందుకు పెట్టి, మోకాళ్ళు వంచి, బంతిని నడుము ముందరే కొట్టాలి. కాలు ఆలస్యమైందా, బంతి గురి తప్పి వచ్చి అనసూర్యకు తగిలేది. చెంపకు తగిలిన రోజు ఆమె నొప్పి దిగమింగి మళ్ళీ బంతి అందుకుంది. అతనే బ్యాటు విసిరికొట్టి, “చిన్నపిలగాని లెక్క రెండు చేతులు! దొరలు నవ్వుతరు!” అంటూ నిలవలేక అటూ ఇటూ తిరిగాడు.

ఈ సాయంత్రం కొత్త మేనేజరు దొర ఆటకు వస్తున్నాడు. మార్కరు చేయి నయమైందో లేదో ఆయనే చూస్తాడట!

“నువ్వన్న చెప్పు పర్శరాములూ!” ఇస్తారి గద్దించాడు.

పర్శరాములు విసురుగా లేచాడు. “తీస్కపో బావా! నా కాడుంటే దెబ్బలే తింటది!” అని బయటికి వెళ్ళిపోయాడు.

అయ్యో! ఒట్టు నిలబెట్టుకున్నందుకు దక్కిన మాట ఇదా! అనసూర్య గుండె బద్దలైపోయింది. పెట్టె సర్దింది.

సాయంత్రం బండికి బయలుదేరారు. స్టేషనుకు దారి క్లబ్బు పక్కనుంచే. బంతి చప్పుడు వినపడగానే అనసూర్య కాలు ముందుకు పడలేదు. ఇనుప కంచె సందులోంచి చూసింది. దొరల ముందు సిగ్గుపడి పర్శరాములు ఒంటిచేత్తోనే ఆడుతున్నాడు! ఎడమపక్కకు వచ్చిన బంతి వలలో పడింది. మళ్ళీ వచ్చింది... మళ్ళీ పడింది. కుర్చీల్లో ఎవరో నవ్వారు.

“పా చెల్లే, బండి టైమైతుంది.”

ఆమెకు అన్న మాట వినపడలేదు. కంచెను రెండు చేతులా పట్టుకుంది.

“కాళ్ళు! కాళ్ళు పోవాలె! రెండు చేతులు వట్టు!”

క్లబ్బంతా ఆమె వైపు తిరిగింది. పర్శరాములు ముఖం ఎర్రబడింది. ఒక్క క్షణం తల దించుకున్నాడు... తర్వాత ఎడమచేయి బ్యాటు మీదికి వచ్చింది. బంతి వచ్చింది. చిన్న చిన్న అడుగులతో పరుగెత్తి, కుడికాలు ముందుకు వేసి కొట్టాడు! బంతి దొరను దాటిపోయి గీత మీద పడింది. సున్నం లేచింది.

“ఎవరామె?” అన్నాడు దొర.

“నా ఇంటిది దొరా. నా చెయ్యి కరాబైంది... దాచిన. రోజు పొద్దుగాల ఆమె బంతులేస్తే గిట్ల నేర్చుకున్న. ఆమె చెంప మీది దెబ్బ నా బంతి దెబ్బనే...” అంటూ పర్శరాములు కంచె వైపు తిరిగాడు.

దొర ఇంకో బంతి చేతికి తీసుకున్నాడు. “ఏదీ, మళ్ళీ కొట్టు!” అన్నాడు. బంతి కనపడనంత చీకటి పడేదాకా ఆడి, “రేపు కూడా నీతోనే” అని వెళ్ళాడు.

బండి ఎప్పుడో పోయింది. ఇస్తారి పెట్టె మీద కూలబడి, “ముందే చెప్పొద్దా చెల్లే!” అని కళ్ళు తుడుచుకున్నాడు.

“ఒట్టు వెట్టిండు అన్నా...”

గేటు చుట్టి వచ్చిన పర్శరాములు వంగి, పెట్టెను రెండు చేతులా ఎత్తుకున్నాడు. నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, వాళ్ళ ముందు నుంచే ఇంటికి మోసుకొచ్చాడు! ఐలవ్వ గడపలోనే ఏడ్చేసింది.

పెట్టె దించి అతను మంచం మీద కూర్చోలేదు. కుండ దగ్గరికి నడిచి చెంబుతో నీళ్ళు ముంచి, రెండు చేతులతో పట్టుకుని అనసూర్య దగ్గరికి వచ్చాడు.

“తాగు, అనసూర్యా.”

ఆమె చేయి చాపలేకపోయింది. వెక్కి వెక్కి ఏడుస్తూ అక్కడే నిలబడింది. అతనే ఇంకో అడుగు ముందుకు వేశాడు.