పగలని మంచు

"చిప్ నీ బూటు మడమలో ఉంది, రెనిక్. కొండ దాటించు. నీతో వచ్చే ఇద్దరిలో ఒకరు వాళ్ల మనిషి. ఎవరో నాకూ తెలీదు," అంది చీఫ్ పొద్దున. "అందులోని కోడ్ వాళ్ల చేతికొస్తే ఆనకట్ట తలుపులు తెరుచుకుంటాయి. కింద ఊళ్లుండవు."

ఇప్పుడు రెనిక్ మంచు కింద ఉన్నాడు.

సెల్కర్క్ కొండవాలు పలకలా పగిలి అతణ్ణి ఈడ్చుకొచ్చి పూడ్చేసింది. చుట్టూ మంచు సిమెంటులా బిగిసింది. వేలు కదలదు. మొహం ముందు అరచేయంత ఖాళీ, అందులో తన ఊపిరే తనకు తిరిగొస్తోంది. కేక వేశాడు. అది తన చెవుల్లోనే ఆగిపోయింది. పైమాటలు మాత్రం వినిపిస్తున్నాయి. బతుకంతా చాటునుండి వినడమే ఉద్యోగమైనవాడికి తగిన చోటే, అనుకున్నాడు.

"ఇక్కడే ఉన్నాడు. వాడి ఒంటి మీది బీకన్ సిగ్నల్ ఇస్తోంది," గైడ్ మార్సెల్ గొంతు. దారిలో ఎర్ర స్కార్ఫ్ విప్పుతూ ఆమె నవ్విన నవ్వును నమ్మకూడదనుకున్నాడు రెనిక్. "తవ్వనా?"

"తొందరేముంది?" బాయ్డ్. రేడియో ఇంజనీరునని చెప్పుకుని చేరినవాడు. "చచ్చాక తవ్వితే పెనుగులాట ఉండదు. మనకి చిప్పేగా కావాల్సింది."

మనకి. అంటే ఒకరు కాదు, ఇద్దరూ.

"నీ ఇష్టం. మన హెలికాప్టర్ వచ్చే వేళైంది, పైకెక్కి మంట వెలిగించు. కనబడకపోతే వెనక్కెళ్లిపోతారు."

"ఏ దారిన? ఈ విరిగిన మంచు మీద నేను అడుగు పెట్టను."

"అయితే అటు పో. పగలని మంచు గట్టిది. ఎంచక్కా మెట్లెక్కినట్టు ఎక్కొచ్చు."

"అబ్బో, నా మీద ఎంత ప్రేమో."

"ఎక్కవయ్యా బాబూ, కబుర్లు తర్వాత."

రెనిక్ చీకట్లో కళ్లు తెరిచాడు. జారిపోయిన చోట ఇక జారడానికేమీ మిగలదు. పగలని చోటే చావు. ఈ కొండల్లో ఏ గైడూ పొరపాటున కూడా చెప్పని మాట అది. అబద్ధమాడుతోంది. ఆమెను నమ్మాలనిపించింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది. ఆ వాలు తెగితే తన మీదికీ రావచ్చు.

కొండ లోపల గుమ్మని ఒక్క శబ్దం. తర్వాత హోరు, పక్కనుంచే పోయింది. బాయ్డ్ కేక సగంలో ఆగింది.

ఊపిరి సన్నబడుతోంది. ఎక్కడో పార కరకర. ఇంకెక్కడో హెలికాప్టర్ చప్పుడు దగ్గరై, తిరిగి, దూరమై పోయింది. ఆఖరికి వెలుతురు. మార్సెల్ వేళ్లు ముందు అతని నోటి చుట్టూ మంచు తీశాయి. ఆ తర్వాతే ఆమె చూపు బూట్లు ఉండాల్సిన వైపు వెళ్లింది.

"నువ్వు... ఎవరి మనిషివి?"

మార్సెల్ పారను మళ్లీ మంచులో దించింది.

"నడుం దాకా మంచులో ఉండి అడిగే ప్రశ్నేనా అది?"