మత్తడి మీద చెయ్యి

నెమలికుంట చుట్టూ నడిచేవాళ్లెవరూ ఇప్పుడు కాళ్లకేసి చూసుకోరు. చూసుకోవలసిన పని లేదు. మూడు కిలోమీటర్ల దారి పొడవునా సమనేల పరిచి పన్నెండేళ్లయింది. అడుగు పడకముందే అది మనిషి బరువునూ తూగునూ పసిగట్టి, గుంట ఉన్నచోట పైకి లేచి, మిట్ట ఉన్నచోట కిందికి అణిగి, పాదాన్ని ఎదురొచ్చి అందుకుంటుంది. ఆ ఆదివారం పొద్దున కూడా చంటిపిల్లల తల్లులూ, చేతికర్రలు ఇంట్లో వదిలేసి వచ్చిన ముసలివాళ్లూ కబుర్లలో పడి సాగిపోతున్నారు. దారి మొదట్లో బోర్డు మీద ‘ఇంటిల్లిపాదికీ సులభం’ అని రాసి ఉంది.

ఆ మాట రాయించింది సంహితే. ఆ నేల కూడా ఆమెదే. దారుల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి, సమనేలను తయారుచేసిన బృందానికి పెద్దగా ఉండి, నిరుడే పదవీ విరమణ చేసింది. ఈ రోజు మాత్రం తన నేల పనితీరు చూసుకోవడానికి రాలేదు. పదిహేనేళ్లుగా మాటల్లేని చెల్లెలితో మాట్లాడటానికి వచ్చింది.

రమ్మన్నది చెల్లెలి కూతురు అన్వి. “అమ్మమ్మ యాదిల ఒక్క సుట్టు నడుద్దాం పెద్దమ్మా. అమ్మ గూడ వస్తనన్నది. మాట్లాడుకుంటరో, మూతి ముడుసుకుంటరో మీ ఇష్టం” అని ఫోన్ చేసింది.

లాస్య వచ్చింది. “బాగున్నవా అక్కా?” అంది, అక్క భుజం మీదుగా నీళ్లకేసి చూస్తూ.

“బాగున్న. నువ్వు?”

“ఆఁ, బాగున్న.”

అంతే. అన్వి ఇద్దరి మధ్యా నడుస్తూ, పాపం, ఎండ గురించీ కొంగల గురించీ పక్కింటివాళ్ల కుక్క గురించీ నోరు నొప్పి పుట్టేదాకా చెప్పింది.

సంహిత ఆశంతా మత్తడి మీదే. కుంట నిండితే నీళ్లు పొర్లిపోయే చోటది. ఏడు రాళ్ల మీదుగా దాటాలి; ఇప్పుడు వాటి మీద కూడా సమనేలే. ఒకప్పుడు ఆ రాళ్లు పాచిపట్టి, ఎవరూ ఒంటరిగా దాటలేనట్టుండేవి. అందుకని వాళ్లింట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముందు దాటేవాళ్లు వెనక్కి తిరిగి, “నేనున్న, రా” అని చెయ్యి ఇవ్వాలి. వాళ్లమ్మ రజిత గడుసుది. ఇంట్లో ఎవరికెవరికి పడటం లేదో కనిపెట్టి, ఏదో ఒక వంకతో సరిగ్గా ఆ ఇద్దరినే మత్తడి దగ్గర ముందూ వెనకా నిలబెట్టేది. ఎంత కోపమున్నా చెయ్యి ఇవ్వక తప్పేది కాదు. తీరా పట్టుకున్నాక అవతలి ఒడ్డున విదిలించుకోవడానికి మనసొప్పేది కాదు. ఆ ఇంట్లో తప్పయిందని ఎవరూ ఎవరితోనూ నోరు తెరిచి అని ఎరుగరు. ఆ పని రాళ్లు చేసిపెట్టేవి.

ఆ రాళ్ల మీదే రజిత పడింది. తుంటి విరిగి, మళ్లీ మంచం దిగలేదు. ఆ రోజు ఆమెకు చెయ్యి ఇచ్చింది లాస్య. “నువ్వే వదిలినవ్” అంది సంహిత, ఆసుపత్రి వరండాలో, పదిమంది ముందు. వదల్లేదనీ, తడి చెయ్యి జారిందనీ ఆమెకు అప్పుడే తెలుసు. తెలిసీ అంది. ఆ తర్వాత మూడేళ్లు తిండీ నిద్రా పట్టించుకోకుండా కూర్చుని, ఎవరి చెయ్యీ ఎవరికీ అక్కర్లేని నేలను తయారుచేసింది. మత్తడి దగ్గర ఏటా ఎంతమంది పడుతున్నారో లెక్క తీయించింది. ఎంతమంది చేతులు పట్టుకుంటున్నారో చూడాలని ఆమెకు తట్టనే లేదు.

మత్తడి రాగానే అన్వి కావాలనే చకచకా దాటి ముందుకు వెళ్లిపోయింది. అమ్మమ్మ పోలికే. లాస్య మొదటి రాయి దగ్గర ఆగింది. వెనక్కి తిరగలేదు గానీ, ఆగింది.

లాస్య మోకాళ్ల వెనక నేల మెత్తగా ఉబ్బి పీటలా లేచింది. “అలసిపోయారా? కాసేపు కూర్చోండి” అంది తీయని గొంతుతో. పక్కన నడిచేవాళ్లు తిరిగి చూశారు. లాస్య ముఖం ఎర్రబడింది. “ఏం లేదు” అని నేలకే జవాబు చెప్పి, ఇంట్లో వసారాలో తిరిగినట్టు ఏడు రాళ్లూ దాటేసింది.

సంహిత ఇక ఉండబట్టలేక గబగబా నడిచి, చివరి రాయి మీద నిలబడి చెయ్యి చాపింది.

“లాస్యా... చెయ్యియ్యవే.”

లాస్య తిరిగింది. అక్క ముఖంలోకి ఆ రోజు మొదటిసారి చూసింది. ఆమె చెయ్యి కూడా కొద్దిగా లేచింది. అందుకోవడానికి సంహిత ముందుకు వంగింది.

మనిషి వంగితే పడబోతున్నట్టే లెక్క అని సమనేలకు నేర్పింది సంహితే. అది కాళ్ల కింద ముందువైపు చటుక్కున లేచి, ఆమెను వెనక్కి నెట్టి, నిటారుగా నిలబెట్టింది. చాచిన చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చేసింది. “భయపడకండి, నేను పట్టుకున్నాను” అంది తీయని గొంతు.

లాస్య తన చేతికేసి ఓసారి చూసుకుని, కొంగు సర్దుకుంది.

“నా చెయ్యి నీకెందుకక్కా” అంది, కోపం లేకుండానే. “ఇదైతే జారదు గద.”

నువ్వు వదల్లేదే, నాకు తెలుసే అన్న మాట సంహిత గొంతు దాకా వచ్చింది. అనడం చేతకాలేదు. నోటితో అనడం వాళ్లింట్లో ఎవరూ నేర్చుకోలేదు. తాను చేసిన పని ఏమిటో అప్పుడు పూర్తిగా తెలిసి, కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

మిగిలిన దారంతా అక్కాచెల్లెళ్లు పక్కపక్కనే నడిచారు. ఎక్కడా ఒక్క రాయి కూడా కాలికి తగల్లేదు.